రెండో గడి

పొద్దున తొమ్మిదింటికి జుల్మీరా బ్యాంకులో అడుగుపెట్టేసరికి గోడకున్న తెరమీద డాలరు ఈ దేశపు డబ్బులో రెండు రెయాల్స్ ముప్పై అయిదు సెంటావోలు చూపిస్తోంది. ఆగస్టులో అదే డాలరు ఒకటీ యాభై ఆరు. రెండే రెండు నెలల్లో ఎక్కడైనా ఇలా ఎగబాకుతుందా? ఎగబాకింది మరి! న్యూయార్కులో ఏదో పెద్ద బ్యాంకు కూలిపోయిందట. దానికీ మనకీ ఏమిటి సంబంధం అనుకోవడానికి లేకుండా, బూట్లు కుట్టి బతికే ఈ ఫ్రాంకా ఊళ్ళో నలభై ఒక్క ఫ్యాక్టరీల యజమానులకి అన్నం సహించడం మానేసింది. వాళ్ళచేత డాలరు ఒప్పందాలకి సంతకాలు పెట్టించుకున్న ఈ బ్యాంకో వాలె ఆల్తోలో మాత్రం ఎవరికి సహిస్తోంది కనక?

మామూలు రోజుల్లో ఈపాటికి క్లేబర్ గొంతు హాలంతా మోగిపోతూ ఉండేది. డాలరు ఒప్పందాలు అమ్మే బల్లకి అతనే పెద్ద. ముప్పై ఆరేళ్ళవాడు, బాస్కెట్‌బాల్ పిచ్చివాడు, పొద్దున్నే జున్ను బన్నుల పొట్లం తెచ్చి అందరికీ పంచుతూ, రాత్రి మన జట్టు ఓడిపోయిందా లేక రిఫరీ ఓడించాడా అని తగువు పెట్టుకునేవాడు. ఇవాళ పొట్లం విప్పలేదు. బన్నులు చల్లారిపోయి కాగితానికి నూనె మరకలు పట్టాయి.

"దోనా జుల్మీరా, పదకొండింటికి వాల్దెమార్ వస్తున్నాడంట," అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే. "లాయర్ని తీసుకురావట్లేదంట. అదే నాకు భయంగా ఉంది."

"లాయరు వస్తే భయపడాలిగానీ రాకపోతే ఎందుకయ్యా?"

"లాయరైతే ఏం అడుగుతాడో మనకి తెలుసు. ఈయన ఏం అడుగుతాడో ఆ దేవుడికే తెలియాలి."

వాల్దెమార్ జుల్మీరాకి బ్యాంకు ఖాతాదారు మాత్రమే కాదు. ఆమె కూతురు తాయిస్‌కి జ్ఞానస్నానంనాడు చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. అప్పట్నుంచీ పధ్నాలుగేళ్ళుగా ఆయన ఆమెని అందరిలా మర్యాదకి "దోనా" అనకుండా చుట్టరికంగా "కొమాద్రే" అంటాడు, ఆమె ఆయన్ని "కొంపాద్రే" అంటుంది. ఆదివారం భోజనం ఒక వారం వాళ్ళింట్లో, ఒక వారం వీళ్ళింట్లో. అలాంటి మనిషి దగ్గర్నుంచి మొన్న లాయరు ఉత్తరం వచ్చింది: 'రెట్టింపు షరతు సంగతి నా కక్షిదారుకి సరిగా చెప్పలేదు. ఆనాటి ఫోను రికార్డింగు వినిపించండి.'

ఆ షరతేమిటో చెప్పాలి. చెప్పకపోతే గొడవ అర్థం కాదు. చెబితే, ఇంత తేలికైన ముక్క ఇంతమంది పెద్దమనుషుల బుర్రకి ఎలా ఎక్కలేదురా దేవుడా అనిపిస్తుంది. వాల్దెమార్ బూట్లు అమెరికా వెళ్తాయి, నెలకి రెండు లక్షల డాలర్లు వస్తాయి. ఏటేటా డాలరు పడిపోతూ ఉంటే, వచ్చిన డాలర్లు కూలీలకి సరిపోక ఆయన నెత్తి కొట్టుకుంటున్నాడు. అప్పుడు బ్యాంకు వెళ్ళి, 'డాలరు ఎంత పడినా సరే, రెండేళ్ళపాటు నీ రెండు లక్షలూ మేం ఒకటీ ఎనభైకే కొంటాం' అంది. ఎంత మంచి మాట! దానికి తోక ఒకటుంది. ఏ నెలైనా డాలరు ఒకటీ ఎనభై దాటిందా, ఆ నెల నువ్వు అదే ధరకి రెట్టింపు ఇవ్వాలి. రెండు కాదు, నాలుగు లక్షలు.

మొదటి పదినెలలూ డాలరు పడుతూనే ఉంది. నెలనెలా బ్యాంకే వాల్దెమార్‌కి ఎదురు డబ్బిచ్చింది. అప్పటికి ఊళ్ళో ఇద్దరు ముగ్గురే చేసిన ఒప్పందం, ఆయన్ని చూసి పక్క ఫ్యాక్టరీ ఆయన, ఆయన్ని చూసి ఎదురింటాయన, అలా నలభై ఒక్కమంది చేరారు. బ్యాంకు లాభం రెండింతలయింది. మెట్లకి పాలరాయి పరిచారు. క్లేబర్ బోనసుమీద బోనసు తీసుకున్నాడు. 'మనకి రిస్కు సున్నా. ఇక్కడ కొన్నది కొన్నట్టు సావోపాలోలో పెద్ద బ్యాంకుకి అమ్మేస్తున్నాం, మనం మధ్యలో నిలబడి కమీషను ఏరుకుంటున్నాం, అంతే!' అని మీటింగుల్లో చెప్పేవాడు. తప్పేం లేదు, నిజమే చెప్పాడు. కాకపోతే ఇక్కడివాళ్ళు ఇచ్చినంతకాలమే అది నిజం. వీళ్ళు చేతులెత్తేస్తే పెద్ద బ్యాంకు ఊరుకుంటుందా? రోజూ మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి, డాలరు ఎంత పెరిగితే అంతకి హామీ సొమ్ము కట్టమంటోంది.

ఇప్పుడు వాల్దెమార్ నాలుగు లక్షలు తేవాలి. రెండు లక్షలు బూట్లవి ఉన్నాయి. లేని రెండు లక్షలూ బజార్లో రెండూ ముప్పై అయిదుకి కొని బ్యాంకుకి ఒకటీ ఎనభైకి ఇవ్వాలి. అంటే నెలకి లక్షా పదివేల రెయాల్స్ మట్టిలో పోసినట్టే. ఇంకా పన్నెండు నెలలు ఉంది. రెండువందల పన్నెండుమంది పనివాళ్ళున్న ఫ్యాక్టరీ అది.

క్లేబర్ బల్లమీద మాట్లాడే ప్రతి ఫోనూ రికార్డవుతుంది. డిస్కులు రిస్కు విభాగం బీరువాలో ఉంటాయి. ఆ విభాగానికి అధికారి జుల్మీరాయే కాబట్టి తాళంచెవి ఆమె మెడలో ఉంటుంది. తలుపు వేసుకుని, కిందటేడు అక్టోబరు డిస్కు తీసి యంత్రంలో పెట్టింది.

ముందు వాల్దెమార్ నిదానపు గొంతు. "అదంతా సరే క్లేబర్ బాబూ, దాటితే?"

"దాటితే రెట్టింపండీ. కానీ ఎక్కడ దాటుద్ది? నాలుగేళ్ళ నుంచీ పడతానే ఉందిగా!"

"నాకీ లెక్కలు తెలియవయ్యా. మా కొమాద్రే ఉందా అక్కడ? ఓసారి ఫోనివ్వు."

తర్వాత నవ్వుతూ ఒక ఆడగొంతు. జుల్మీరా ఒక్క క్షణం అదెవరో పోల్చుకోలేదు. "చెప్పండి కొంపాద్రే."

"ఇది చెయ్యొచ్చంటావా? నువ్వు చెయ్యమంటే చేస్తా, వద్దంటే ఇప్పుడే ఫోను పెట్టేస్తా."

కాగితం తిరగేసిన చప్పుడు. "చూస్తున్నానండీ... మీ పరిమితిలో సగం కూడా కాలేదు. పచ్చగానే ఉంది. ఏం భయంలేదు, చేసుకోండి."

"అయితే ఖాయం. నువ్వు చెప్పాక ఇంకేముంది!"

జుల్మీరా యంత్రం ఆపేసింది. అలా ఎలా అంది తను? రెట్టింపు ఉందని తెలిసి కూడా సగం కాలేదని ఎలా అంది? కుర్చీ గట్టిగా పట్టుకుని ఆలోచిస్తే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక, గుర్తు రాకపోయినా బాగుండేదనిపించింది.

ఇలాంటి మొదటి ఒప్పందం రెండేళ్ళ కిందట వచ్చింది. బ్యాంకు ఫారంలో మొత్తానికి ఒకటే గడి ఉంది. అసలు మొత్తం రాయాలా, రెట్టింపు మొత్తం రాయాలా? క్లేబర్ వచ్చి ఆమెనే అడిగాడు. ఫారం మార్చాలంటే సావోపాలోలో కంప్యూటరువాళ్ళకి రాయాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి, రెండు నెలలు పడుతుంది. "ప్రస్తుతానికి గడిలో అసలు మొత్తం వేసి, మిగతాది కింద రిమార్కుల్లో రాసెయ్యి. తర్వాత రెండో గడి పెట్టిద్దాం," అంది జుల్మీరా. తర్వాత తాయిస్‌కి జ్వరం, ఆడిట్, క్రిస్మస్. ఆ 'తర్వాత' మళ్ళీ రాలేదు. కంప్యూటరు గడిని కూడుతుంది, రిమార్కుల్ని చదవదు. కాబట్టి ప్రతి శుక్రవారం ఆమె సంతకం పెట్టి పైకి పంపిన రిపోర్టులో నలభై ఒక్కమంది బాకీలూ సగమే ఉన్నాయి. ఫోనులో ఆనాడు ఆమె తిరగేసింది అదే లెక్కతో కంప్యూటరు వాల్దెమార్ పేరున వేసిన కాగితం, పరిమితి దాటనివాళ్ళ పేర్లు అందులో పచ్చరంగులో వస్తాయి. సగమే ఉన్న కాగితాన్ని చూసి సగమే అంది.

బీరువాలోంచి నలభై ఒక్క ఫారాలూ తీసి, రిమార్కులు ఒక్కొక్కటీ చదువుతూ చేత్తో కూడింది. రెండుసార్లు కూడింది. ఎవరూ ఏమీ కట్టకపోతే బ్యాంకు మీద పడేది ఆరుకోట్ల అరవై లక్షల రెయాల్స్. రిపోర్టు చెప్పేది మూడుకోట్ల ముప్పై. బ్యాంకు సొంత మూలధనం మొత్తం ఊడ్చినా ఆరుకోట్లు.

తలుపు తట్టి క్లేబర్ లోపలికొచ్చాడు. ఆమె మొహం చూసి తలుపు మూశాడు. ఆమె చెప్పింది, అతను విన్నాడు. విన్నాక గోడ గడియారం వైపు చూశాడు.

"రిపోర్టులో సగమే ఉందా? నేను మొత్తం కలిపారనుకున్నానే!"

"నేను నువ్వు చూసుకుంటున్నావనుకున్నాను."

"బాగుంది. ఇద్దరం బాగానే అనుకున్నాం." నవ్వబోయి మానేశాడు. "దోనా జుల్మీరా, నా మాట వినండి. ఆ డిస్కు దొరకలేదని ఒక్క ముక్క రాయండి చాలు. సంతకం పెట్టిన కాగితం మన దగ్గరుంది. దాని మీద వాల్దెమార్ చచ్చినట్టు కడతాడు. ఆయన కడితే మిగతా నలభైమందీ కడతారు. వాళ్ళంతా ఆయన మొహమే చూస్తున్నారు."

"కట్టలేడు. ఫ్యాక్టరీ అమ్ముకోవాలి."

"మరి ఆ మాటలు జడ్జి వింటే? రిస్కు అధికారి తన నోటితో భయంలేదు అందని వింటే? మొత్తం కొట్టేస్తాడు. నలభై ఒక్కరూ చేతులు దులుపుకుంటారు. రెండింటికి సావోపాలో నుంచి ఫోనొస్తది. ఏం కడతాం? రేపు పొద్దున ఈ ఊరి ముసలాళ్ళందరూ డిపాజిట్ల కోసం మెట్లమీద నిలబడతారు. మా అమ్మ కూడా నిలబడుద్ది. ఒక్క ఫ్యాక్టరీయా, మొత్తం బ్యాంకా? మీరే చెప్పండి."

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమె ప్రాణం తీస్తోంది. పైగా అతను మర్యాదకి వదిలేసిన మాట ఇంకొకటుంది: డిస్కు దొరక్కపోతే ఆమె ఉద్యోగం కూడా దక్కుతుంది. పధ్నాలుగేళ్ళ పిల్ల, అప్పు తీరని ఇల్లు. జుల్మీరా డిస్కుని హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగింది. ఏం చెయ్యాలో తేల్చుకుని కాదు, బల్లమీద దాన్ని చూడలేక.

పదకొండింటికి వాల్దెమార్ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, గోళ్ళలో జిగురు మరకలు అలాగే ఉన్నాయి. బ్యాంకు అధ్యక్షుడు, అందరూ మర్యాదగా సెయూ అన్సెల్మో అనే పెద్దాయన, తన గదిలో లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఈ బ్యాంకుని వాళ్ళ నాన్న పెట్టాడు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా రోజూ కోటు తొడుక్కుని వస్తాడు. నలుగురికీ కాఫీ వచ్చింది. ఎవరూ ముట్టలేదు.

క్లేబర్ గొంతు సవరించుకున్నాడు. "రికార్డింగు కోసం బాగా వెతికామండీ. కిందటేడాది కొన్ని డిస్కులు పాడయ్యాయి. ఆ రోజుది దొరకలేదు."

సెయూ అన్సెల్మో జుల్మీరా వైపు చూశాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఒళ్ళో ఉన్న బ్యాగు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"దొరక్కపోతే పోనివ్వండి," అన్నాడు వాల్దెమార్. "లాయరు ఉత్తరం మా అల్లుడి పని. నేను వచ్చింది దానికోసం కాదు." ఆమె వైపు తిరిగాడు. "కొమాద్రే, ఒక్కటే అడుగుతా. ఆ రోజు ఫోనులో నువ్వు 'ఏం భయంలేదు, చేసుకోండి' అన్నట్టు నాకు గుర్తు. మా ఆవిడ, 'నీకు మతిపోయింది, జుల్మీరా అలా అనదు, అప్పులు మీదపడి నువ్వే కల్పించుకుంటున్నావు' అంటోంది. నెల రోజుల నుంచి నాకూ అనుమానం పట్టుకుంది. నువ్వు అన్నావా, నేను కలగన్నానా? అనలేదంటే సరే, నా సంతకానికి నేను బాధ్యుణ్ణి. ఫ్యాక్టరీ అమ్మి కట్టేస్తా. నీ మాట చాలు నాకు, డిస్కులు అక్కర్లేదు."

క్లేబర్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు. అనలేదు, అని ఒక్క మాట. ఎంత చిన్న మాట! ఆ మాటతో బ్యాంకు నిలబడుతుంది, ముసలాళ్ళ డిపాజిట్లు నిలబడతాయి, తన ఉద్యోగం నిలబడుతుంది. ఈ మనిషి మాత్రం జీవితాంతం తనకి మతిపోయిందనుకుంటూ బతుకుతాడు. జుల్మీరా చేతులే ముందు కదిలాయి. జిప్పు తీసి డిస్కు బల్లమీద పెట్టింది.

"అన్నాను కొంపాద్రే. ఇందులో ఉంది. మీరు కలగనలేదు."

క్లేబర్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. సెయూ అన్సెల్మో ఏమీ అర్థం కానట్టు డిస్కు వైపు చూశాడు. ఇక ఆపితే మళ్ళీ ధైర్యం రాదని జుల్మీరా ఆగకుండా చెప్పేసింది: ఒకటే గడి ఉన్న ఫారం, రిమార్కులు, రెండేళ్ళుగా తను సంతకం పెట్టిన సగం లెక్కలు, ఇందాక చేత్తో కూడిన ఆరుకోట్ల అరవై.

"ప్రతి శుక్రవారం నాకు వచ్చేది... ఆ పచ్చ కాగితం?" అన్నాడు సెయూ అన్సెల్మో నెమ్మదిగా.

"అదేనండీ."

"రెండేళ్ళు?"

"రెండేళ్ళు."

ముసలాయన కోటు గుండీ విప్పుకుని వెనక్కి వాలాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి.

వాల్దెమార్ మాత్రం ఆమెనే చూస్తున్నాడు. "ఆ రోజు నువ్వు చూసిన కాగితంలో ఎంత ఉంది?"

"రెండు లక్షలు."

"నాలుగు లేదు?"

"లేదు. ఉంటే వద్దనేదాన్ని. ఒట్టు కొంపాద్రే, ఫోను లాక్కుని మరీ వద్దనేదాన్ని."

ఆయన చేతులు చూసుకున్నాడు. గోటితో జిగురు పెచ్చు ఒకటి లాగేశాడు. "సరే. నువ్వు చూసి చెప్పిన మేరకు నేను నిలబడతా. నా బూట్ల డాలర్లు నెలకి రెండు లక్షలూ మీ ఒకటీ ఎనభైకే ఇస్తా, పన్నెండు నెలలూ ఇస్తా. బయట రెండూ ముప్పై అయిదుందని ఏడవను. చూడకుండా చెప్పిన రెండు లక్షలు మాత్రం మీవి. అవి మీ బ్యాంకు మింగాలి."

"కోర్టుకెళ్తే మొత్తం కొట్టేస్తారు తెలుసా?" అన్నాడు క్లేబర్, ఉండబట్టలేక.

"తెలుసు. కోర్టు తేల్చేసరికి మీ బ్యాంకూ ఉండదు, మా పనివాళ్ళ జీతాలూ ఉండవు, అవి దాచుకునేది ఇక్కడే కదయ్యా. సాయంత్రం యజమానుల సంఘంలో మిగతావాళ్ళకీ ఇదే చెబుతా. వింటారనే అనుకుంటున్నా."

సెయూ అన్సెల్మో పెన్సిలు తీసుకుని కాఫీ కప్పు కింది కాగితం మీద లెక్క వేశాడు. ఆరుకోట్లలో మూడుకోట్ల ముప్పై పోతే రెండుకోట్ల డెబ్బై. వాళ్ళ నాన్న అరవై ఏళ్ళు కూడబెట్టినదాంట్లో సగం పైన పోయినట్టు. పెన్సిలు కింద పెట్టాడు. "కుంటుకుంటూ అయినా నడుస్తాం. ఫారం తెండి, ఇప్పుడే రాసుకుందాం. రెండింటి ఫోను నేను ఎత్తుతా." కాస్త ఆగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "దోనా జుల్మీరా, ఈ నెలాఖరు దాకా ఉండండి. లెక్కలన్నీ సరిచేసి అప్పగించండి. ఆ తర్వాత మీకు నేనేమీ చెయ్యలేను."

"అలాగేనండీ," అంది. ఈ మాట వస్తుందని తెలుసు.

ఫారం అదే. మధ్యలో ఒకటే గడి. జుల్మీరా సెయూ అన్సెల్మో బల్లమీది స్కేలు అడిగి తీసుకుంది. గడి పక్కనే నాలుగు గీతలు గీసి రెండో గడి చేసింది. మొదటిదాంట్లో రెండు లక్షలు, వాల్దెమార్. రెండోదాంట్లో రెండు లక్షలు, బ్యాంకు. గీయడానికి అరనిమిషం కూడా పట్టలేదు. క్లేబర్ ఆ గీతల వైపు చూసి తల తిప్పుకున్నాడు. వాల్దెమార్ కళ్ళజోడు పెట్టుకుని రెండు గళ్ళూ చదివాడు, కింద రిమార్కులు ఖాళీగా ఉన్నాయని వేలుతో తడిమి చూసుకున్నాడు, సంతకం పెట్టాడు.

గుమ్మందాకా జుల్మీరా ఆయన వెంట వెళ్ళింది. ఏదో ఒకటి అనకుండా పంపలేకపోయింది. "ఆదివారం మా వంతు కొంపాద్రే. తాయిస్ మొన్నట్నుంచి అడుగుతోంది."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. కోపం లేదు మొహంలో. అలిసిపోయి ఉన్నాడు, అంతే.

"పాపని మా ఇంటికి పంపండి. దాని మీద నాకేం లేదు," అన్నాడు. "మీరు నిజం చెప్పారు, నేను మర్చిపోను. వస్తాను దోనా జుల్మీరా."

పధ్నాలుగేళ్ళలో ఆయన ఆమెని ఒక్కసారి కూడా మీరు అనలేదు. పాలరాతి మెట్లు దిగి ఆయన రోడ్డు దాటేదాకా జుల్మీరా గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, మిగిలిన నలభై ఫారాలూ ముందేసుకుని, స్కేలు పెట్టి ఒక్కొక్కదాని మీదా రెండో గడి గీయడం మొదలుపెట్టింది.